బెనిన్ అంటే దేశమా, నైజీరియాలో ఊరా? మా తమ్ముడు వెళ్తున్నాడు, తెలిసినవాళ్ళు చెప్పండి

ఉద్దానం_బిడ్డ
మాది పలాస దగ్గర. మా తమ్ముడు పన్నెండేళ్ళుగా జీడి ఫ్యాక్టరీలోనే పని చేస్తున్నాడు, కటింగ్ నుంచి గ్రేడింగ్ దాకా అన్నీ వచ్చు వాడికి. ఇప్పుడు బెనిన్‌లో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా రమ్మని పిలుపొచ్చింది, జనవరిలో ప్రయాణం, టికెట్టు కూడా వాళ్ళదే. అంతా బాగుందనుకునేసరికి 2025 డిసెంబర్ 7న ఆదివారం టీవీలో బెనిన్‌లో సైనికుల తిరుగుబాటు అని వచ్చింది. దానికి తోడు మా మరిది ఫోన్లో బెనిన్ అని కొడితే కిడ్నాపులు, ముఠాలు, నైజీరియా అని ఏవేవో చూపించింది. మా అమ్మ అప్పట్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు. అసలు ఇది దేశమా, నైజీరియాలో ఊరా? రాజధాని ఒకచోట కొటోనూ అని, ఇంకోచోట పోర్టోనోవో అని ఉంది. ఎవరు పాలిస్తున్నారు, ఎంతమంది జనం, తిరుగుబాటు సంగతేంటి, తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. ధైర్యం చెప్పడానికని అబద్ధాలు మాత్రం చెప్పొద్దు.

సిక్కోలు_సిన్నోడు
మా వీధిలో ఒకలు ఐవరీ కోస్ట్ ఎల్లి మూడేళ్ళుండి వచ్చారు, బానే ఉన్నారు. బెనిన్ సంగతి నాకు తెల్దు గానీ మన ఫ్యాక్టరీలకొచ్చే గోనె బస్తాల మీద ఆ పేరు చానాసార్లు చూసాను అక్కా.

లాగోస్_రావు
మీ మరిది చూసింది బెనిన్ సిటీ. అది నైజీరియాలో ఎడో రాష్ట్రం రాజధాని. మీ తమ్ముడు వెళ్ళే బెనిన్ వేరే దేశం, నైజీరియాకి పడమటి పక్కన ఉంటుంది. నేను లాగోస్‌లో ఉంటాను, ఇక్కడి మనవాళ్ళే సగం మంది ఈ రెండూ కలిపేస్తారు. ఈ గందరగోళానికి ఒక కారణం ఉంది. ఆ దేశం పేరు మొదట దహోమే. 1975లో పేరు మార్చినప్పుడు ఏ ఒక్క తెగ పేరూ కాకుండా, తీరం ముందున్న సముద్రాన్ని బెనిన్ అఖాతం అంటారు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. పాత బెనిన్ రాజ్యం, బ్రిటిష్ వాళ్ళు 1897లో దోచుకెళ్ళిన ఆ కంచు శిల్పాలు, అవన్నీ నైజీరియా వైపువి, ఈ దేశంవి కావు.

ఉద్దానం_బిడ్డ
అమ్మయ్య. ఇది అమ్మకి చదివి వినిపించాను. సముద్రం పేరు దేశానికి పెట్టుకున్నారా అని అడిగింది.

అట్లాసు_పిచ్చి
దేశం ఆకారం చెప్తాను, మ్యాప్ తీసి చూడండి. గరిటె నిలువుగా పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, కింద సన్నగా పైన వెడల్పుగా. కింద సముద్రతీరం 121 కిలోమీటర్లే. తీరం నుంచి ఉత్తరం కొసకి దాదాపు 700 కిలోమీటర్లు. పడమర టోగో, తూర్పు నైజీరియా, పైన బుర్కినా ఫాసో, నైజర్. ఈశాన్యం వైపు నైజర్ నదే సరిహద్దు. ఆ నదిలో లేటే అనే లంక కోసం రెండు దేశాలూ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే 2005లో తీర్పు నైజర్ వైపు వచ్చింది, బెనిన్ ఒప్పుకుంది.

తీరం పక్కనే ఇసుక దిబ్బ, దాని వెనక ఉప్పుటేరులు, సరస్సులు. ఓడలు ఆగడానికి సహజమైన రేవు లేదు, కొటోనూ ఓడరేవు మనుషులు కట్టుకున్నదే. తీరం దాటితే ఎర్రమట్టి నేలలు, మధ్యలో గుట్టలు, వాయవ్యంలో అటకోరా కొండలు. దేశం మొత్తానికి ఎత్తయిన శిఖరం సొక్బారో 658 మీటర్లు, అంటే మన తూర్పు కనుమల్లో ఎన్నో కొండల కంటే తక్కువే. పెద్ద నది వేమే, ఉత్తరాన పుట్టి కొటోనూ దగ్గర నొకోవే సరస్సులోకి దిగుతుంది.

నాకు బాగా నచ్చే విషయం ఇంకోటి. పశ్చిమాఫ్రికా తీరమంతా దట్టమైన అడవి ఉంటుందనుకుంటాం కదా, ఘానా నుంచి బెనిన్ దాకా ఆ అడవి పట్టీ తెగిపోతుంది, గడ్డి మైదానం సముద్రం దాకా వచ్చేస్తుంది. దాన్ని దహోమే గ్యాప్ అంటారు. తీరం గాలికి అడ్డంగా కాకుండా దాని వెంబడే సాగడం వల్లా, అక్కడి సముద్రం నీళ్ళు కాస్త చల్లగా ఉండడం వల్లా వాన తక్కువ. జీడి మామిడికి ఇలాంటి నేలే కావాలి.

ఓరుగల్లు_పోరడు
గీ దేశం మన తెలంగాణంత ఉంటది అన్నట్టు. బెనిన్ 1,14,763 చదరపు కిలోమీటర్లు, తెలంగాణ 1,12,077. జనమే తక్కువ. మనం 2011 లెక్కల్లనే మూడున్నర కోట్లు, వాళ్ళు 2013 జనగణనల కోటి పైన ఎనిమిది వేల చిల్లర. ఇప్పుడు కోటి నలభై లక్షల దాకా అయ్యిన్రు అంటున్నరు. మస్తు జాగ ఉంటది మీ తమ్మునికి తిరగనీకి.

అట్లాసు_పిచ్చి
ఓరుగల్లు గారూ, జాగా ఉన్నచోట జనం లేరు, జనం ఉన్నచోట జాగా లేదు. అదే 2013 లెక్క ప్రకారం కొటోనూ నగరమే ఒక జిల్లా, పేరు లిట్టోరల్, 79 చదరపు కిలోమీటర్లలో 6,79,012 మంది. ఉత్తరాన అలిబోరి జిల్లా 26 వేల చదరపు కిలోమీటర్ల పైన ఉంటే అక్కడ 8,67,463 మంది. ఇంత తేడా. పైగా కొటోనూ పక్కనున్న అబోమే-కలావీ అప్పటికే ఆరున్నర లక్షలు దాటేసింది, ఇప్పుడు రెండూ కలిసిపోయి ఒకే ఊరిలా ఉంటాయి.

గ్రూప్స్_ప్రిపరేషన్
రాజధాని ఏదో తేల్చండి బాబూ, మాకు మాక్ టెస్టులో కొటోనూ పెడితే తప్పన్నారు.

పాత_పత్రికలు
తప్పే. రాజ్యాంగం ప్రకారం రాజధాని పోర్టోనోవో. జాతీయ సభ, అంటే వాళ్ళ పార్లమెంటు, అక్కడే. కానీ అధ్యక్షుడి భవనం, మంత్రిత్వ శాఖలు, రాయబార కార్యాలయాలు, ఓడరేవు, విమానాశ్రయం అన్నీ కొటోనూలోనే. రెండిటికీ మధ్య ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరం. పరీక్షలో పోర్టోనోవో రాయండి, విమానం మాత్రం కొటోనూలో దిగుతుంది.

గుంటూరు_ఘాటు
రాజధాని సంగతి మనల్ని అడిగితే మనం కూడా గంట సేపు చెప్తాం కదా 😀

పాత_పత్రికలు
ఆ చర్చ ఇక్కడ మొదలెట్టకండి, దండం పెడతాను. ఇంకో మాట. పోర్టోనోవోలో కొత్త జాతీయ సభ భవనానికి నమూనా గీసింది బుర్కినా ఫాసోలో పుట్టిన ఫ్రాన్సిస్ కెరే. ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకునే చెట్టు ఆకారంలో గీశాడు. అక్కడి ఊళ్ళలో తగవులు తీర్చడం, మంచి చెడ్డ మాట్లాడుకోవడం చెట్టు కిందే. మన రచ్చబండే అనుకోండి, అది ఆ మట్టిలోనూ ఉంది.

ఉద్దానం_బిడ్డ
ఇవన్నీ బాగున్నాయి గానీ నాకు కావాల్సింది తిరుగుబాటు సంగతి. ప్రభుత్వం ఉందా పడిపోయిందా?

కొటోనూ_బాబాయ్
ఇప్పుడే చూశానమ్మా ఈ పోస్టు. నేను ఆరేళ్ళు అక్కడే ఉన్నాను, పరాకూ అనే ఊళ్ళో జీడి పిక్కలు కొని బస్తాలు కొటోనూ పంపేవాళ్ళం. 7వ తారీఖు పొద్దున కొందరు సైనికులు ప్రభుత్వ టీవీలోకి చొరబడి అధ్యక్షుణ్ణి దించేశాం అని ప్రకటించారు. సాయంత్రానికల్లా అది విఫలమైంది, అధ్యక్షుడు తలోన్ రాత్రి టీవీలో మాట్లాడాడు. నైజీరియా విమానాలు వచ్చి సాయం చేశాయి. నాకు అక్కడ తెలిసినవాళ్ళకి ఫోన్ చేశాను, సోమవారం దుకాణాలు తీశారు, జెమిజాన్లు తిరిగాయి. జెమిజాన్ అంటే బైకు టాక్సీ, కొటోనూలో వాళ్ళు పసుపు చొక్కా వేసుకుంటారు. ఎక్కేముందే బేరం మాట్లాడుకోమని తమ్ముడికి చెప్పు.

లాగోస్_రావు
బాబాయ్ గారూ, సోమవారం దుకాణాలు తీశారంటే అంతా సర్దుకున్నట్టు కాదు కదా. ఉత్తరాన పరిస్థితి ఎందుకు చెప్పట్లేదు? బుర్కినా, నైజర్ సరిహద్దు నుంచి జిహాదీ ముఠాలు వస్తున్నాయి, 2025 ఏప్రిల్‌లో ఒక్క దాడిలోనే 54 మంది బెనిన్ సైనికులు చనిపోయారని ఆ ప్రభుత్వమే చెప్పింది. 2019లో పెంజారీ అభయారణ్యంలో ఇద్దరు ఫ్రెంచ్ పర్యాటకుల్ని ఎత్తుకెళ్ళారు, వాళ్ళ గైడుని చంపేశారు. ఆవిడ అబద్ధాలు చెప్పొద్దంది.

కొటోనూ_బాబాయ్
చెప్పకూడదని కాదు రావు గారూ, టైపింగ్ నెమ్మది. మీరు చెప్పింది నిజమే, అందుకే అమ్మా, తమ్ముడు ఎక్కడ ఉంటాడో ఊరి పేరు అడుగు ముందు. అలిబోరి, అటకోరా జిల్లాల్లో సరిహద్దు వైపు అయితే వద్దనే చెప్తాను, నా సొంత పిల్లాడైనా అదే చెప్తాను. పరాకూ మధ్యలో ఉంటుంది, నేనున్న రోజుల్లో రాత్రి పదింటికి కూడా నడిచి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడైతే అక్కడ కూడా కనుక్కుని వెళ్ళాలి. దక్షిణాన కొటోనూ చుట్టుపక్కల అయితే వేరే సంగతి.

ఉద్దానం_బిడ్డ
గ్లో-జిగ్‌బే అని ఉంది ఆఫర్ లెటర్లో. ఇండస్ట్రియల్ జోన్ అంట.

కొటోనూ_బాబాయ్
అదా. కొటోనూకి 45 కిలోమీటర్లు, పూర్తిగా దక్షిణం. ఉత్తర సరిహద్దు అక్కడికి చాలా చాలా దూరం. ఆ జోన్ ఎందుకు పెట్టారో తెలుసుకుంటే మీ తమ్ముణ్ణి ఎందుకు పిలిచారో కూడా అర్థమవుతుంది. బెనిన్ వాళ్ళు ముందు పిక్కలు పండించి అలాగే అమ్మేసేవాళ్ళు. ఫిబ్రవరి నుంచి సీజన్, మేం ఊరూరా తిరిగి, శాంపిల్ కోసి చూసి, 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందో లెక్కేసి ధర కట్టేవాళ్ళం. 47, 48 వచ్చిందంటే మంచి సరుకు. ఆ పిక్క వియత్నాంకో మన దేశానికో పోయి అక్కడ పప్పయి అమెరికాకో యూరప్‌కో పోయేది. రైతుకి పిక్క ధరే, కష్టానికి కూలీ వేరే దేశం వాళ్ళకి. అందుకని 2024 ఏప్రిల్ 1 నుంచి పచ్చి పిక్క ఎగుమతి నిషేధం పెట్టారు, పప్పు కొట్టుకునే పంపాలి. ఆ జోన్లో జీడి ఫ్యాక్టరీలు, పత్తితో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు వచ్చాయి. ఫ్యాక్టరీ కట్టడం డబ్బుతో అయిపోతుంది, పొట్టు తీసేటప్పుడు పప్పు విరక్కుండా ఆడపిల్లలకి చెయ్యి తిప్పడం నేర్పే మనిషి దొరకాలి కదా. అది పలాస వాడికి తెలుసు.

సిక్కోలు_సిన్నోడు
అదేటి బాబాయ్, మరి మన పలాస ఫ్యాక్టరీలకి పిక్క ఎక్కడ్నించి వస్తాది? ఉద్దానం పిక్క మూడు నెలలకి సరిపోదు, మిగతా ఏడాదంతా ఆఫ్రికా సరుకు మీదే నడుపుతున్నాం. ఇలా ఒక్కో దేశం ఆపేస్తే మా ఆడోళ్ళ పీలింగ్ కూలి ఏటవ్వాలి. మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆ పని చేసింది, జీడి పాలు పడి వేళ్ళు నల్లగా అయిపోయాయి, ఆ డబ్బుతోనే నేను చదువుకున్నాను.

కొటోనూ_బాబాయ్
నీ బాధ అబద్ధం కాదు నాయనా. అక్కడి ఆడవాళ్ళ వేళ్ళు కూడా అలాగే ఉంటాయి ఇప్పుడు, వాళ్ళ పిల్లలూ చదువుకోవాలి కదా. ఆఫ్రికా మొత్తం ప్రపంచంలో సగం పైన పిక్క పండిస్తోంది, అందులో పప్పు కొట్టుకునేది మాత్రం చాలా కొంచెం. మనం వాళ్ళ చోట ఉంటే మనమూ అదే చేసేవాళ్ళం.

సిక్కోలు_సిన్నోడు
చేసేవోళ్ళమే. అయినా బాధే.

కృష్ణాతీరం
ఈ తలోన్ నియంత అని ఎక్కడో చదివాను, పత్తి వ్యాపారి కదా ఈయన?

ఓరుగల్లు_పోరడు
నియంత ఏంది, ఎలక్షన్ల గెలిచిండు గద. రోడ్లు ఏసిండు, ఫ్యాక్టరీలు తెచ్చిండు, పక్క దేశాల లెక్క మిలటరీ పాలన లేదు.

పాత_పత్రికలు
ఇద్దరూ సగం సగం చెప్తున్నారు, కొంచెం వెనక్కి వెళ్తే గానీ అర్థం కాదు, పోస్టు పెద్దదవుతుంది ఓపిక పట్టండి.

1960 ఆగస్టు 1న ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం. తర్వాత పన్నెండేళ్ళలో కుట్ర మీద కుట్ర, ప్రభుత్వాలు మారుతూనే ఉన్నాయి. ఉత్తరానికి ఒక నాయకుడు మాగా, అబోమే వైపు ఒకరు అహోమదెగ్బే, పోర్టోనోవో వైపు ఒకరు అపితీ, ముగ్గురూ ఒకరికొకరు పడరు. 1970లో విసిగిపోయి ఒక ఒప్పందానికి వచ్చారు, ముగ్గురూ రెండేళ్ళ చొప్పున వంతులవారీగా అధ్యక్షులు. మాగా తన రెండేళ్ళు చేసి 1972 మేలో చెప్పినట్టే కుర్చీ అప్పగించాడు. రెండో ఆయన అయిదు నెలలు కూర్చున్నాడో లేదో అక్టోబర్ 26న మేజర్ మథ్యూ కెరెకూ సైన్యంతో వచ్చి ముగ్గుర్నీ పక్కన పెట్టాడు. మూడో ఆయనకి వంతు రానేలేదు.

కెరెకూ మార్క్సిజం అన్నాడు, దేశం పేరు మార్చాడు, ఒకే పార్టీ. 1989 వచ్చేసరికి ఖజానా ఖాళీ, బ్యాంకులు మూతబడ్డాయి, జీతాల్లేవు, టీచర్లు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. అప్పుడు 1990 ఫిబ్రవరిలో కొటోనూలో ఒక హోటల్లో అన్ని వర్గాల వాళ్ళనీ పిలిచి జాతీయ మహాసభ పెట్టారు, ఆర్చిబిషప్ ఇసిదోర్ ద సూజా అధ్యక్షత. ఆ సభ, ఇక మా మాటే చట్టం అని ప్రకటించుకుంది. సైన్యం చేతిలో ఉన్న మనిషి దానికి ఒప్పుకున్నాడు! 1991 ఎన్నికల్లో సొగ్లో చేతిలో ఓడిపోయి దిగిపోయాడు. ఆఫ్రికా ప్రధాన భూభాగంలో అధికారంలో ఉన్న అధ్యక్షుడు ఓట్లలో ఓడి దిగడం అప్పటికి దాదాపు ఎక్కడా లేదు. తర్వాత చాలా దేశాలు ఈ మహాసభ పద్ధతినే పట్టుకున్నాయి. 1996లో అదే కెరెకూ ఓట్లతో తిరిగొచ్చాడు. 2006లో కెరెకూ, సొగ్లో ఇద్దరూ పోటీ చెయ్యలేకపోయారు, రాజ్యాంగంలో వయసు 70 దాటకూడదని ఉంది, కెరెకూకి పైగా రెండుసార్ల పరిమితి కూడా. రాజ్యాంగం మార్చి కూర్చోలేదు, ఇంటికెళ్ళాడు. అందుకే ఆ దేశం ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుతుంటే నాకు అభిమానం.

కృష్ణాతీరం
మరి ఇప్పుడో?

పాత_పత్రికలు
ఇప్పుడే బాధ. తలోన్ 2016లో గెలిచాడు, 2021లో మళ్ళీ గెలిచాడు. మధ్యలో 2019 పార్లమెంటు ఎన్నికల్లో కొత్త నిబంధనల వల్ల ఒక్క ప్రతిపక్ష పార్టీకీ పోటీ చేసే వీల్లేకపోయింది, పోలింగు రోజు ఇంటర్నెట్టు ఆపేశారు. 2023లో ప్రతిపక్షానికి 109 సీట్లలో 28 వచ్చాయి, సరే కాస్త మెరుగు అనుకున్నాం. 2026 ఏప్రిల్ 12న అధ్యక్ష ఎన్నిక పెట్టారు, దానికి ప్రధాన ప్రతిపక్షం అభ్యర్థి బరిలోనే లేడు, ప్రజాప్రతినిధుల మద్దతు సంతకాలు సరిపోలేదన్నారు. 2025 నవంబర్లో రాజ్యాంగం సవరించి పదవీకాలం అయిదేళ్ళ నుంచి ఏడేళ్ళకి పెంచారు, సెనేట్ అని రెండో సభ పెట్టారు. తలోన్ మూడోసారి నిలబడలేదు, అది ఆయనకి దక్కాల్సిన మాట. ఓరుగల్లు గారూ, రోడ్లు నిజమే, నేను కాదనను. 1990లో ఆ హోటల్లో కూర్చున్నవాళ్ళు రోడ్ల కోసమే కూర్చోలేదు.

ఓరుగల్లు_పోరడు
సరే అన్నా, 2019 సంగతి నాకు తెల్వదు. ఒప్పుకుంటున్న. కనీ ఆడోళ్ళకు సీట్లు పెట్టింది కూడ ఈయన కాలంలనే గద?

పాత_పత్రికలు
అవును, 109లో 24 సీట్లు ఆడవాళ్ళకే, నియోజకవర్గానికి ఒకటి. 2021లో ఎన్నికైన ఉపాధ్యక్షురాలు కూడా మహిళే, మరియం తలాతా. ప్రధానమంత్రి పదవి ఇప్పుడు లేదు, ప్రభుత్వాధినేత కూడా అధ్యక్షుడే. కింద 12 జిల్లాలు, వాటి కింద 77 కమ్యూన్లు, కమ్యూనుకి మేయరు.

విశాఖ_వీణ
భాష సంగతి ఎవరూ చెప్పలేదు. ఆఫీసు భాష ఫ్రెంచి, ఇంగ్లీషు పెద్దగా నడవదు. ఇంట్లో దక్షిణాన ఎక్కువగా ఫోన్ అనే భాష, నైజీరియా వైపు యొరుబా, ఉత్తరాన బరిబా, దెండి ఇలా చాలా ఉన్నాయి. మీ తమ్ముడు ఇప్పట్నుంచే అంకెలు, రోజులు, కిలోలు ఫ్రెంచిలో నేర్చుకుంటే చాలా మేలు. మతం చూస్తే 2013 లెక్కల్లో సగానికి కాస్త తక్కువ క్రైస్తవులు, నాలుగో వంతు పైన ముస్లింలు, నూటికి పదకొండు పన్నెండు మంది వోడూన్ అని రాయించుకున్నారు.

గుంటూరు_ఘాటు
వోడూన్ అంటే సినిమాల్లో సూదులు గుచ్చే బొమ్మ?

కొటోనూ_బాబాయ్
కాదయ్యా. అది వాళ్ళ పూర్వీకుల పూజ, ఊరి దేవతలు, జాతర, పూనకం. నేను మొదటిసారి చూసినప్పుడు మా ఊరి గంగమ్మ జాతరే గుర్తొచ్చింది. జనవరిలో దాని పండగ, దేశమంతా సెలవు, వీడా అనే ఊళ్ళో పెద్దగా చేస్తారు. ఆ వీడాయే బానిసల్ని ఓడలెక్కించిన రేవు. అక్కడ తీరంలో ఒక ద్వారం కట్టారు, ఇక తిరిగి రాని ద్వారం అంటారు. నేను ఒకసారే వెళ్ళాను. అక్కడ నిలబడితే సముద్రం తప్ప ఇంకేమీ కనపడదు, మాట రాలేదు నాకు. దహోమే రాజులే పట్టి అమ్మారు, ఐరోపా వాళ్ళు కొన్నారు, రెండూ అక్కడి గైడు దాచకుండా చెప్పాడు. బానిసల వేటకి భయపడి పారిపోయినవాళ్ళు నొకోవే సరస్సులో గుంజల మీద ఇళ్ళు కట్టుకున్నారు, గాన్వియే అంటారు, ఇప్పటికీ వేలమంది ఉంటున్నారు, పిల్లలు బడికి పడవల్లోనే పోతారు.

అట్లాసు_పిచ్చి
కొటోనూ అనే పేరుకే ఫోన్ భాషలో మృత్యునది ముఖద్వారం అని అర్థం చెప్తారు.

ఉద్దానం_బిడ్డ
ఈ పోస్టు మాత్రం అమ్మకి చదవను 🙏

లాగోస్_రావు
గ్లో-జిగ్‌బే అయితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. నైజీరియా బోర్డరు దాటి లాగోస్ చూడ్డానికి మాత్రం ఒంటరిగా రావొద్దని చెప్పండి. దారి పొడవునా గాజు సీసాల్లో పెట్రోలు అమ్ముతారు, క్పాయో అంటారు, మా దగ్గర్నుంచి దొంగతనంగా పోయేదే, పక్కన నిలబడి ఫోన్ కూడా మాట్లాడొద్దు.

కొటోనూ_బాబాయ్
ఎల్లో ఫీవర్ సూది తప్పనిసరి, ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, పసుపు రంగు కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోవాలి. మలేరియా ఎక్కువ, దోమతెర ఇక్కడే కొనుక్కెళ్ళమను. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సహారా నుంచి హర్మతాన్ గాలి, దుమ్ము, పెదాలు పగులుతాయి. పాస్‌పోర్టు ఎవరికీ ఇచ్చెయ్యొద్దు, ఫ్యాక్టరీ వాళ్ళకైనా సరే జిరాక్సే. అన్నం దొరుకుతుంది, కందిపప్పు దొరకదు. మిరపకాయ మాత్రం మన గుంటూరు వాళ్ళు కూడా నీళ్ళు తాగే రకం ఉంటుంది.

గుంటూరు_ఘాటు
చూద్దాం ఆ సంగతి. తమ్ముణ్ణి ఒక గుప్పెడు పంపమనండి.

ఉద్దానం_బిడ్డ
వారం తర్వాత రాస్తున్నాను. విశాఖలో సూది వేయించుకున్నాడు, కార్డు ఇచ్చారు. ఆఫర్ లెటర్లో పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉంచుకుంటాం అని ఒక లైను ఉంటే బాబాయ్ గారు చెప్పినట్టు గట్టిగా అడిగాం, తీసేసి కొత్తది పంపారు. ఆ మాట చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. అమ్మ అన్నం తింటోంది. అక్కడికీ ఇక్కడికీ నాలుగున్నర గంటల తేడా అని తమ్ముడు చెప్పినప్పట్నుంచి, మనకి రాత్రి ఎనిమిదైతే వాళ్ళకి మధ్యాహ్నం మూడున్నర, అప్పుడు డ్యూటీలో ఉంటాడు, ఫోన్ చెయ్యకూడదు అని తనకి తనే చెప్పుకుంటోంది, వాడింకా ఇంట్లోనే ఉన్నాడు.